బెదురు కుక్కను మచ్చిక చేయుట

మహాభారతమున ఆదిపర్వము తొలిభాగముననే ఒక కుక్కపిల్ల కథ యున్నది. జనమేజయ మహారాజు యజ్ఞము చేయుచుండగా సారమేయ మను కుక్కపిల్ల ఆ ప్రక్కకు వచ్చెను. అది హవిస్సును ముట్టలేదు, నాకలేదు, దాని వంక కన్నెత్తి చూడనైన లేదు. ఐనను రాజు తమ్ములు దానిని కొట్టిరి. అది యేడ్చుచు పోయి తల్లియైన సరమతో మొరపెట్టుకొనెను. సరమ దేవతల కుక్క. ఆమె యజ్ఞశాలకు వచ్చి, తప్పు చేయని నా బిడ్డను కొట్టితిరి గావున మీకు తలవని తలంపుగా భయము వచ్చునని పలికి వెడలిపోయెను. రాజంతటివాడును ఆ మాటకు కలత చెంది, దానికి శాంతి చేయగల పురోహితుని వెదకుకొనుచు పోవలసి వచ్చెను.

సరమ ధనము పోవు ననలేదు, రాజ్యము పోవు ననలేదు. భయము వచ్చు నన్నది. కారణము లేని దెబ్బ యెట్టి ఫలము నిచ్చునో ఆ తల్లికి బాగుగ తెలియును. తాను చేసిన తప్పేమో తెలిసినవాడు ఆ తప్పు మానుకొని దెబ్బ తప్పించుకొనగలడు. తప్పు లేకయే దెబ్బ తిన్నవానికి ఆ యుపాయము లేదు. మరల ఏ క్షణమున, ఏ వైపునుండి వచ్చునో తెలియక అతడు నిత్యము బెదరుచుండవలసినదే. వీధినుండియో, కుక్కల శరణాలయమునుండియో, మరియొకరి యింటినుండియో క్రొత్తగా మన యింటికి వచ్చి, మంచము క్రింద దూరి వణకుచున్న కుక్క స్థితియు ఇట్టిదే. దానికి మనయందు నమ్మకము కుదురుట యెట్లో ఈనాటి ప్రసంగమున చెప్పబూనితిని.

ఇది పట్టించుకొనదగిన విషయమా యని యెవరైన నడుగవచ్చును. రెండు వారములైనను కుక్క మాలిమి కాకపోగా, ఇది పనికిమాలినదని తిరిగి వీధిలో విడిచివచ్చు గృహస్థులు లేకపోలేదు. ఇంటి తిండికి అలవాటుపడి, వీధిలో తన పూర్వపు తావును పోగొట్టుకొనిన కుక్కకు అది మొదటిదానికన్న పెద్ద కష్టము. అంతేకాదు. పారిపోవుటకు దారి లేని భయము కాటుగా మారును. ఆ కాటు ముందుగా పడునది ముద్దు చేయబోవు పసిపిల్లలకు. కావున కుక్క భయమును తీర్చుట దయాధర్మము మాత్రమే కాదు, ఇంటి క్షేమము కూడ.

బెదరు కుక్కను చూడగానే, పాపము, దీనినెవరో కొట్టియుందు రనుకొందుము. అది నిజము కావచ్చును, కాకపోవచ్చును. 1961లో ఫ్రీడ్‌మన్, కింగ్, ఎలియట్ అను మువ్వురు అమెరికా శాస్త్రజ్ఞులు ఒక పరీక్ష ఫలితములను ప్రకటించిరి. కుక్కపిల్లలను ఎత్తైన కంచె గల దొడ్డిలో మనుష్యుల పొడ లేకుండ పెంచి, వానిలో కొన్నిటిని వేరువేరు వయస్సులలో ఒక్కొక్క వారము మాత్రము మనుష్యుల చెంతకు తెచ్చిరి. ఆ వారమైనను లేక 14 వారములు నిండువరకు మనిషి నెరుగని పిల్లలు, ఆ పిమ్మట అడవిజంతువులవలె మనుష్యులను చూచి బెదరినవి. మూడవ వారము మొదలు 12, 14 వారములవరకు గల కాలము కుక్కపిల్లకు లోకముతో చుట్టరికము కలుగు కాలమని దీనివలన తేలినది. పాడుపడిన యింటిలోనో, ఊరిచివర చెత్తకుప్పల నడుమనో ఆ కాలమును గడపిన పిల్ల, ఒక్క దెబ్బయైన తినకున్నను, మన చేయి చూచి వణకును. ఇది దాని మొండితనము కాదు.

మరికొన్ని కుక్కలకు భయము జ్ఞాపకమునుండి వచ్చును. చెవికొన కత్తిరింపబడిన వీధికుక్కలను మీరు చూచియుందురు. 2001లో కేంద్రప్రభుత్వము చేసిన నిబంధనలును, వాని స్థానమున 2023లో వచ్చిన నిబంధనలును ఇందులకు మూలము. వీధికుక్కలను పట్టి, సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేసి, పిచ్చికుక్క వ్యాధి రాకుండ టీకా వేసి, పట్టినచోటనే విడుచుట ఆ పద్ధతి. చెవి గుర్తు ఆ చికిత్స జరిగినదనుటకు సాక్ష్యము. అది ఊరికిని కుక్కకును మేలు చేయు పనియే. ఐనను వలలో పడిన ఘడియను, బోనులో గడపిన రాత్రిని కుక్క మరచునా?

మరవదనుటకు పావ్లోవు పండితుని ప్రయోగశాలయే సాక్షి. ఆయన 1904లో నోబెలు బహుమానము నందిన రష్యా శాస్త్రజ్ఞుడు. గంట మ్రోగిన వెంటనే ఆహారము పెట్టుచు వచ్చినచో, కొన్నాళ్ళకు గంట విన్నంతనే కుక్కనోట నీరూరునని చూపిన పరిశోధనలు ఆయనవే. 1924 సెప్టెంబరులో లెనిన్‌గ్రాడు నగరమున నీవానది పొంగి, ఆయన కుక్కలుండు కొట్టములలోనికి వరద చొచ్చెను. కుక్కలను నీటిలో ఈదించి బయటికి తెచ్చిరి. ప్రాణములు దక్కినవి గాని, కొన్ని కుక్కలకు అంతవరకు నేర్చినది చెదరిపోయెను. పిమ్మట ఒక కుక్క యున్న గదిలోనికి తలుపు సందునుండి సన్నని నీటిధార వదలగా ఆనాటి కలవరమే మరల పుట్టెను. ఆ నీరు నేల తడుపుటకైన చాలదు. కుక్కకు మాత్రము అది వరదయే. మన యింట చీపురు చేతబట్టినను, గొడుగు విప్పినను, మామిడికాయ కోయుటకు కఱ్ఱ ఎత్తినను కుక్క పరుగెత్తుచున్నదన్నచో, దాని కంటికి కనబడునది మన చీపురు కాదు. ఎన్నడో తగిలిన మరియొక చీపురు.

ఇక తొలగింపవలసిన భ్రమ యొకటి కలదు. మూల కూర్చుండి, కదలక మెదలక, ఎవరు ముట్టినను ఊరకుండు కుక్కను చూచి, ఎంత సాధువో యని మెచ్చుకొందురు. అమెరికాలో సెలిగ్‌మన్, మైయర్ అను మనశ్శాస్త్రజ్ఞులు 1967లో ప్రకటించిన ప్రయోగము వినిన వారు అట్లనరు. అది కఠినమైన ప్రయోగము. కొన్ని కుక్కలకు విద్యుద్ఘాతములు తగులునట్లును, అవి యేమి చేసినను ఆ బాధ ఆగకుండునట్లును ఏర్పాటు చేసిరి. మఱునాడు వానిని పొట్టి అడ్డుగోడ గల పెట్టెలో నుంచిరి. ఈసారి గోడ దుమికినచో బాధ తప్పును. మునుపు ఆ బాధ నెరుగని కుక్కలు త్వరలోనే దుముక నేర్చినవి. మొదటి కుక్కలలో చాలవరకు దుముకుట మాని, పడుకొని, బాధ సహించుచు ఊరకున్నవి. వానిది సాధుత్వ మందుమా? అర్ధశతాబ్దము గడచిన పిమ్మట, 2016లో, ఆ యిరువురే తమ సిద్ధాంతమును సవరించుకొనిరి. నిస్సహాయత నేర్చుకొనునది కాదనియు, ఎడతెగని బాధలో ప్రాణికి అది సహజముగనే కలుగు ననియు, నేర్చుకొనవలసినది దానికి విరుగుడైన ఎరుక యనియు చెప్పిరి. నేను చేయు పనివలన నాకు జరుగునది మారగలదు – ఆ యెరుక యిదియే.

మన కుక్కకు నేర్పవలసిన మొదటి పాఠమును ఇదియే. కూర్చుండుమన్న కూర్చుండుట, చేయి యిచ్చుట మొదలగు విద్యలు తరువాత రావచ్చును. తాను వెనుకకు జరిగినచో మనము ఆగుదుమని, తాను ముఖము త్రిప్పుకొనినచో మనము చేయి తీసికొందుమని అది ముందుగా తెలిసికొనవలెను. వద్దను దాని మాట మన యింట చెల్లినప్పుడే సరే యనుటకు దానికి ధైర్యము కలుగును. మచ్చికకు మూలసూత్రము ఇంతియే. దీనిని దినచర్యలో పెట్టు విధము చెప్పెదను.

కుక్కను తెచ్చిన దినమున ఇరుగుపొరుగువారిని పిలిచి చూపవలదు. జనులు నడచు దారికి ఎడముగా ఒక మూలను గోనెపట్టాయో పాతదుప్పటియో పరచి, చేరువను నీళ్ళుపెట్టి, దాని మానాన దానిని విడువవలెను. మంచము క్రింద దూరినచో ఈడ్వరాదు. ఆ చోటు దానికి కోట. కోటలో నున్నప్పుడు దాని జోలికి పోరాదని పిల్లలకు గట్టిగా చెప్పవలెను. మొదటి వారములలో వీధితలుపును, పెరటితలుపును కనిపెట్టి యుండవలెను. బెదరిన కుక్క సందు దొరికిన పారిపోవును, పారిపోయినచో పిలిచినను రాదు. బయటికి నడపించునపుడు మెడపట్టెడ మాత్రమే చాలదు. వెనుకకు గుంజుకొని తల తప్పించుకొనును గావున, రొమ్మును చుట్టివచ్చు హార్నెస్ తగిన కొలతకు బిగించి పట్టుకొనవలెను.

అన్నము వేళకు పెట్టవలెను. సాధ్యమైనంతవరకు మొదట ఒకే మనిషి, ఒకే గిన్నె, ఒకే తావు. తరువాత జరుగబోవునది ముందుగా తెలిసియుండుట భీతునకు సగము ధైర్యము. అన్నము పెట్టి దూరముగా పోవలెను. ఎదుట నిలిచి, తిను తినుమని బ్రతిమాలరాదు. దాని పేరు పిలిచినప్పుడెల్ల మేలే జరుగవలెను. పేరు పెట్టి పిలిచి మందు మ్రింగించినచో రెండవసారి ఆ పేరు వినగానే మంచము క్రింద దూరును.

దగ్గరకు చేరుటకు మంచి యుపాయము దగ్గరకు పోకుండుటయే. దినమునకు రెండు మూడు సార్లు ఆ గదిలో నేలపై, దానికి ప్రక్కగా తిరిగి కూర్చుండుడు. దాని కన్నులలోనికి చూడవలదు. కుక్కల మర్యాదలో తదేకముగా చూచుట బెదిరింపు. పత్రిక చదువుకొనవచ్చును, చిక్కుడుకాయలు వలుచుకొనవచ్చును. నడుమ నడుమ ఉడికించిన కోడిమాంసపు తునకయో, గ్రుడ్డు ముక్కయో, పెరుగన్నపు ముద్దయో దాని వైపు విసరుడు. ఉల్లి, వెల్లుల్లి పడిన కూరలు, ద్రాక్ష, కిసిమిసి, చాకొలెట్టు కుక్కలకు విషతుల్యములు గనుక అవి కూడదు. చేతినుండియే తినవలెనని పంతము వలదు. ఆకలి ముందుకు లాగగా, భయము వెనుకకు లాగగా వచ్చి చేతిలోనిది అందుకొనిన కుక్క, అది మ్రింగిన మరుక్షణమున తానెంత దగ్గరకు వచ్చినదో చూచుకొని హడలిపోవును. అందుచేత అది రెండడుగులు ముందుకు వేసినప్పుడు తునకను దాని వెనుకకు విసరుట మంచిది. వెనుకకు పోవుటకు దారి యున్నదని తెలిసిన కుక్క తనంతట తానే మరల ముందుకు వచ్చును.

ఒకనాటికి వచ్చి మీ మోకాలు వాసన చూచును. ఆనాడు పొంగిపోయి కౌగిలింపకుడు. మరికొన్నాళ్ళకు ప్రక్కన నిలిచినచో, చేతిని తలపైనుండి దింపక, గడ్డము క్రిందనో రొమ్ముమీదనో మూడు లెక్కపెట్టునంతసేపు నిమిరి చేయి తీసివేయవలెను. ఇంకను కావలెనన్నచో అది దగ్గరకు జరుగును, చాలునన్నచో తొలగిపోవును. రెండును మనకు సమ్మతములే.

అది మాటలాడదు గాని దాని దేహమంతయు మాటలాడును. తోక కాళ్ళనడుమ ముడుచుట, చెవులు వెనుకకు అణచుట, కంటి తెల్లగ్రుడ్డు కనబడునట్లు ఓరగా చూచుట, నిద్ర రాకయే ఆవులించుట, తిండి లేకయే పెదవులు నాకుకొనుట, ఉక్క లేకయే రొప్పుట, ఉన్నట్లుండి కొయ్యబారుట – ఇవియన్నియు భయచిహ్నములు. ఎంత యిష్టమైన ముక్కనైన ముట్టకున్నచో భయము మితిమీరినదని యెరుగవలెను. ఇక గుఱ్ఱుమనుట. మొరుగు కుక్క కరవదను సామెతను నమ్మి అప్పుడు చేయి చాపరాదు. గుఱ్ఱుమనుట కుక్క చేయు చివరి విన్నపము. దానికి దెబ్బ వేసినచో గుఱ్ఱుమనుట మానును గాని భయము మానదు. ఆ పిమ్మట చెప్పకుండ కరచును. కావున గుఱ్ఱుమన్నప్పుడు ఆగి, వెనుకకు జరిగి, దానిని బెదరించిన దేమో వెదకవలెను.

ఒక్కొక్క వస్తువుపై గల ప్రత్యేక భయమును తీర్చుటకు మరియొక మార్గము కలదు. 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్సు అను విదుషీమణి, కుందేలును చూచి కెవ్వున నేడ్చు పీటరు అను మూడేండ్లు నిండని బాలునకు ఆ భయము పోగొట్టెను. బాలుడు ఇష్టమైనది తినుచుండగా కుందేలును బోనులో దూరముగా నుంచి, దినదినమును కొంచెము కొంచెము దగ్గరకు తెచ్చెను. తుదకు బాలుడు దానిని ఒడిలో పెట్టుకొనెను. మన చీపురునకును ఇదే చికిత్స. చీపురును గదికి ఆ చివర, నేలపై, కుక్క చూచియు కలత పడనంత దూరమున నుంచవలెను. కుక్క దానిని చూచిన వెంటనే ఒక తునక వేయవలెను. చీపురును దాచినంతనే తునకలును ఆగవలెను. ఇట్లు కొన్నాళ్ళు చేసి, ఒక్కొక్క అడుగు దగ్గరకు తెచ్చి, పిమ్మట చేతబట్టి, కడపట ఊడ్చి చూపవలెను. ఇందులో వరుస ముఖ్యము. పావ్లోవు పరీక్షలలో గంట ముందు, ఆహారము వెనుక. ఇచ్చట చీపురు ముందు, తునక వెనుక. తునక ముందుగా వేసి వెనువెంటనే చీపురు చూపినచో, తునకయే కీడునకు ముందుసూచన యని కుక్క తలచి తిండినే అనుమానించును.

ఆ పీటరు కథలో మనకు పనికివచ్చునది మరియొకటి కలదు. చికిత్స సాగుచుండగా బాలునకు జబ్బుచేసి, రెండు నెలలపాటు రాలేకపోయెను. ఆసుపత్రినుండి వచ్చునపుడు ఒక పెద్దకుక్క మీదికి దుముకగా హడలిపోయి, మొదటి భయము మొదటివలెనే తిరిగివచ్చెను. జోన్సు విసుగక మరల తొలినుండి ప్రారంభించెను, చికిత్స ఫలించెను. కుక్క విషయమునను ఒక్క టపాకాయ మ్రోతకు నెల దినముల శ్రమ వెనుకకు పోవచ్చును. అప్పుడు చేయవలసినది దూరము పెంచి, రెండు మెట్లు దిగి, మరల ఎక్కుటయే.

టపాకాయలనగా దీపావళి తలపునకు వచ్చును. మనిషి చెవి సెకనుకు సుమారు 20,000 కంపనములవరకు గల ధ్వనిని వినగా, కుక్క చెవి సుమారు 45,000 వరకు వినును. మనకు వినబడని సన్నని ధ్వనులును దానికి వినబడును. ఆనాడు ప్రొద్దుండగనే బయటికి త్రిప్పి తెచ్చి, లోపలి గదిలో కిటికీలు మూసి, పంకాయో రేడియోయో పెట్టి, ఒకరు తోడుండవలెను. భయపడినప్పుడు లాలించినచో భయము ముదురునని కొందరందురు. అది సరికాదు. భయము కుక్క బుద్ధిపూర్వకముగా చేయు పని కాదు, లాలనకు ఆశపడి పెంచుకొనుటకు. అది వచ్చి మీ కాళ్ళ సందున దూరినచో దూరనిండు. మితిమీరి హడలు కుక్కకు పశువైద్యుడు తగిన మందీయగలడు. పండుగకు కొన్ని దినములు ముందుగనే ఆయనను అడుగవలెను.

పశువైద్యునకు చూపుట తొలి దినములలో జరుగవలసిన పని. చెవిపోటు, పంటినొప్పి, కీళ్ళనొప్పి గల కుక్క ముట్టనీయకుండుట సహజము; నొప్పి తీరినచో బెదురును కొంత తీరును. పిచ్చికుక్క వ్యాధికి టీకా తప్పనిసరి. ఎంత జాగ్రత్తగా నున్నను కాటో, గీరో పడినచో, పంటిగాటు చిన్నదని ఉపేక్షింపక, సబ్బుతో ధారగా పడు నీటిక్రింద 15 నిమిషములు కడిగి, ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. ఈ వ్యాధి లక్షణములు పైకి కనబడిన పిమ్మట ప్రాణము దక్కుట అరుదు. సకాలమున టీకాలు వేయించుకొనినచో వ్యాధియే రాదు.

ఎన్నాళ్ళు పట్టునని అడుగుదురు. ఒక కుక్కకు మూడు వారములు, ఒకదానికి మూడు నెలలు, మరియొకదానికి ఏడాది. దినములు లెక్కించుటకన్న గుర్తులు చూచుకొనుట మేలు. మనము గదిలో నుండగా అన్నము తినుట ఒక గుర్తు. ముడుచుకొనక, కాళ్ళు చాచి ప్రక్కకు ఒరిగి నిద్రించుట దానికన్న పెద్ద గుర్తు. ముందరికాళ్ళు వంచి, నడుము పైకెత్తి ఆటకు పిలుచుట మరియు శుభము. బెదరి పరుగెత్తిన కుక్క మునుపటికన్న త్వరగా తిరిగివచ్చుట అన్నిటికన్న నమ్మదగిన గుర్తు. బెదరకుండుట కాదు, బెదరిన పిమ్మట మనవైపునకు వచ్చుటయే మచ్చిక.

కొన్ని కుక్కలు జీవితాంతము క్రొత్తవారిని చూచి తొలగిపోవుచునే యుండును. పసితనమున జరుగవలసిన పరిచయము జరుగక పోయినచో దానిని మనము పూర్తిగా పూరింపలేము. అట్టి కుక్కకు అతిథులు వచ్చినప్పుడు లోపలి గది చూపినచో చాలును. అది లోపము గాని నేరము కాదు.

2015లో జపానుదేశపు శాస్త్రజ్ఞులు ఒక సంగతి ప్రకటించిరి. మాలిమియైన కుక్కయు దాని యజమానుడును ఒకరి నొకరు ప్రేమతో చూచుకొనునపుడు, తల్లీబిడ్డల అనురాగమున పాలుపంచుకొను ఆక్సిటోసిన్ అను రసము ఇరువురి దేహములందును హెచ్చునట. మొదటి దినమున ఏ చూపునకు ఆ ప్రాణి గోడకు అంటుకొనిపోయినదో, ఆ చూపే తుదకు చుట్టరికమగును. ఆ చూపును మనము బలవంతముగా తీసికొనలేము. ఒక సాయంకాలము మీరేదో పనిలో నుండగా, ఎవరును పిలువకయే, అది తన మూలను విడిచి వచ్చి, మీకు మూరెడు దూరమున పడుకొని, తలయెత్తి మీ ముఖము వంక చూచును. ఆనాడు చేయవలసినదేమియు లేదు. మీ పని మీరు చేసికొనుచుండుడు.